మావాడే హంతకుడు

అయ్యా, అమ్మా, మీ వంశంలో ఒక్క హంతకుడైనా ఉన్నాడా? లేడంటే మిమ్మల్ని తలుచుకుని నాకు జాలేస్తోంది.

పోనీ హంతకుడు కాకపోయినా ఫరవాలేదు. విక్టోరియా రాణిగారి కాలంలో ఎవరినో ఒకర్ని కత్తితో గీరినవాడు? పక్కింటివాడి చెవి కొరికినవాడు? పెళ్ళాన్ని మెట్లమీంచి తోసినవాడు? అలాంటి ముత్తాత ఒక్కడుంటే చాలు, మీ వంశం నిలబడిపోయినట్టే. ఏదో ఊళ్ళో ఓ పెద్దమనిషి రిటైరై, ఇంట్లో తోచక, లైబ్రరీలో పాత పేపర్ల ముందు కూచుని ఈపాటికి మీ ముత్తాత కోసమే వెతుకుతూ ఉంటాడు. నలుగురికీ మంచి చేసిన ముత్తాత కోసం ఎవడైనా అలా కళ్ళు కాయలు కాచేలా వెతికాడా, చెప్పండి?

దీన్ని పిచ్చి అనేవాళ్ళున్నారు. నేను మాత్రం ఇది సమాజానికి దొరికిన వరం అంటాను. ఎందుకంటే నేను దీని మధ్యనే బతుకుతున్నాను.

మా ఊరు క్రాన్‌మత్. ఇంగ్లండు తూర్పు తీరంలో, మ్యాపులో మడత పడే చోట ఉంటుంది. ఊళ్ళో రోప్‌వాక్ అని ఓ పొడుగాటి సందు ఉంది. ఒకప్పుడు అక్కడ ఓడలకి తాళ్ళు పేనేవాళ్ళు. రాణిగారి కాలంలో, ఒక చలికాలంలో, ఆ సందులో ముగ్గురు ఆడవాళ్ళని ఎవడో చంపేశాడు. వాడు దొరకలేదు.

దొరికి ఉంటే మా ఊరి గతి ఏమయ్యేదో ఆలోచించండి. ఒక విచారణ, ఒక ఉరి, పేపర్లో నాలుగు రోజులు. అంతటితో సరి. దొరకలేదు కాబట్టే ఇవాళ మాకొక సంఘం ఉంది. సందర్శకుల్ని వెంటేసుకుని తిప్పే ‘హత్యల నడక’ ఉంది. ఫ్రిజ్ మీద అంటించుకునే కత్తి బొమ్మలున్నాయి. మా బేకరీలో రోప్‌వాక్ ‘పై’ అని మాంసం కూరిన రొట్టె ఒకటి అమ్ముతారు, అందులో కిడ్నీ ముక్కలు కాస్త ఎక్కువేస్తారు. మొదట్లో తినడానికి ఇబ్బందిగా ఉండేది. ఇప్పుడు అలవాటైపోయింది.

సంఘం వాళ్ళు నెలకోసారి ‘కుంటి కొంగ’ అనే పబ్బు మేడమీద కలుస్తారు. అందులో నేను టీ, బిస్కెట్ల కార్యదర్శిని. నాకు ఓటు లేదు. చెవులున్నాయి.

సంఘంలో చేరాలంటే ఒకటే అర్హత. మీకంటూ ఒక ‘వాడు’ ఉండాలి. అంటే ఆ హత్యలు చేసింది ఫలానావాడు అని మీరు నమ్మే మనిషి. వాడు పెద్దింటివాడు కాకూడదు. వెనకటి రోజుల్లో అందరూ డాక్టర్లనీ జమీందార్లనీ అనుమానించేవాళ్ళు. ఆ ఫ్యాషన్ పోయింది. ఇప్పుడెవరూ పేరు వినని వాడు కావాలి. పాత పేపర్లలో కోర్టు వార్తలు చదివి, ఎక్కడో అడుగున, గొర్రెల సంత ధరలకి పైన, ‘తాగిన మత్తులో కత్తితో దాడి’ అని కనిపించగానే పట్టుకోవాలి. వాడు ఆ రోజుల్లో బతికి ఉన్నాడా? ఉన్నాడు. వాడికి కాళ్ళున్నాయా? ఉన్నాయి. అయితే రోప్‌వాక్ దాకా నడిచి రాగలడు. కేసు తేలిపోయినట్టే.

ఆ తరవాత ఆ ‘వాడు’ మీవాడైపోతాడు. సంఘంలో వీళ్ళ మాటలు తెలియనివాళ్ళు వింటే పెళ్ళిచూపులేవో జరుగుతున్నాయనుకుంటారు.

“మావాడు పీపాల పనివాడు. ఇరవైనాలుగ్గంటలూ చేతిలో వంపుకత్తి ఉంటుంది,” అంటారు క్లెమెంట్ హాస్కెల్ గారు.

“కత్తి ఉంటే సరా అండీ? గుణం ఉండొద్దూ? మావాడు పందెంలో ఓడిపోయి గాడిదని కొరికాడు,” అంటారు రోవీనా గేజ్ గారు. ఆవిడ లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు.

“గాడిద మనిషి కాదు కదా.”

“ఇవాళ గాడిద, రేపు మనిషి. ఎదుగుదలంటే అలాగే ఉంటుంది మరి.”

“మావాడు కట్టుకున్నదాన్నే పొడిచాడండీ.”

“అది ఇంట్లో వ్యవహారం. దాన్ని లెక్కలోకి ఎలా తీసుకుంటారు?”

ఇద్దరూ ఒకరి ప్లేటులో బిస్కెట్ ఒకరు తింటూ ఇలా పోట్లాడుకుంటారు. ఇంత సుహృద్భావం మీకు ఏ అపార్ట్‌మెంట్ సంఘంలో కనిపిస్తుంది?

క్లెమెంట్ గారి గురించి కాస్త చెప్పాలి. మునిసిపాలిటీ మురుగు కాలువల శాఖలో ఇంజనీరుగా చేశారు. పొడుగ్గా, వంగి, ఎప్పుడూ కింద ఏదో పడేసుకుని వెతుక్కుంటున్నట్టు నడుస్తారు. భార్య నోరా పోయాక ఇంట్లో కూచోలేక లైబ్రరీకి పోవడం మొదలుపెట్టారు. అక్కడే ఆయనకి మొదటి అనుమానితుడు దొరికాడు. వీధుల్లో కత్తులు సానపట్టేవాడు. ఏళ్ళ తరబడి వాణ్ణి కన్నబిడ్డలా పెంచుకున్నారు. వాడి పుట్టుమచ్చలు కూడా ఆయనకి నోటికొచ్చు.

ఒక రోజు ఆయన సంఘానికి రాలేదు. నేను కేకు పట్టుకుని ఇంటికి వెళ్ళాను. తలుపు తీసిన ఆయన ముఖం చూసి, బంధువులెవరో పోయారనుకున్నాను.

“జైల్లో ఉన్నాడండీ,” అన్నారు.

“ఎవరు?”

“మావాడు. ఆ చలికాలమంతా జైల్లోనే ఉన్నాడు. నిన్ననే తెలిసింది.”

“అయ్యో. ఏం చేశాడు?”

తల దించుకుని, “కోళ్ళు దొంగిలించాడు,” అన్నారు. “అంత సమర్థుడు. కోళ్ళేమిటండీ, కోళ్ళు?”

ఏం చెప్పి ఓదార్చగలం? ఇద్దరం కేకు తిన్నాం.

దుఃఖం కొంత తగ్గాక ఆయనకి ఈ పీపాల పనివాడు దొరికాడు. పేరు జేబెజ్ థారక్. మా రేవులో సారా పీపాలు బిగించేవాడు. హత్యలకి రెండేళ్ళ ముందు పెళ్ళాం కెజియాని వంపుకత్తితో పొడిచి జైలుకి వెళ్ళాడు. హత్యల నాటికి బయటికొచ్చేశాడు. ఆ చలికాలం దాటగానే ఓడెక్కి మాయమైపోయాడు. ఇంకేం కావాలి? క్లెమెంట్ గారు మళ్ళీ గడ్డం గీసుకోవడం మొదలుపెట్టారు. చొక్కాలు ఇస్త్రీ చేయించుకున్నారు. చచ్చిన దుర్మార్గుడు బతికున్న మంచివాణ్ణి ఇలా లేపి నిలబెట్టగలడని నేను కళ్ళారా చూశాను. ఏ డాక్టరు చెయ్యగలడు ఈ పని?

తరవాత ఆయన ఇంకో ఘనకార్యం చేశారు. జేబెజ్ మునిమనవరాలు బతికే ఉందని కనిపెట్టారు. డోరీన్ క్యాచ్‌పోల్ అని, పక్క ఊరు బ్రాడ్‌నెస్‌లో ఉంటారు. ఎనభై దాటిన మనిషి. జీవితమంతా డ్రైవింగ్ స్కూలు నడిపారు. ఆ చుట్టుపక్కల బండి తోలే వాళ్ళలో సగంమందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఆవిడే. మా వార్షిక సభకి ఆవిణ్ణి పిలవాలని క్లెమెంట్ గారి కోరిక. ఒక్కరే వెళ్ళడానికి భయపడి నన్నూ తోడు తీసుకెళ్ళారు.

దారి పొడుగునా కారులో మాటలు వల్లెవేశారు. “పాపం, పెద్దావిడ. మెల్లగా చెప్పాలి. మీ ముత్తాత హంతకుడు అంటే గుండె ఆగిపోతుందేమో.”

వెళ్ళాం. టీ వచ్చింది. సీడ్ కేకు వచ్చింది. క్లెమెంట్ గారు లేచి నిలబడ్డారు.

“అమ్మా, మీ ముత్తాతగారి గురించి ఒక విషయం చెప్పాలి. దయచేసి కూచుని వినండి.”

“నేను కూచునే ఉన్నాను నాయనా. నుంచున్నది నువ్వు,” అన్నారు డోరీన్ గారు. “ఎవరి గురించి? జేబెజ్ గురించా? వాడు పోయి వందేళ్ళు దాటిందే. ఇప్పుడేం చేశాడు?”

ఈయన చెప్పడం మొదలుపెట్టారు. పీపాలు, వంపుకత్తి, రోప్‌వాక్, ముగ్గురు ఆడవాళ్ళు. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా ఉలిక్కిపడలేదు. ఎదురుగా లారీ వస్తున్నా బండి నేర్చుకునే కుర్రాడి పక్కన నిబ్బరంగా కూచున్న మనిషి కదా. అంతా విని, “మరి కెజియా గురించి ఏం దొరికింది నీకు?” అని అడిగారు.

“కెజియా...” అని ఈయన తడుముకున్నారు. “ఆ, భార్య. ఎడమ భుజం మీద గాయమైంది. వంపుకత్తి గాయం. లోతుగా దిగింది. చాలా ఆశాజనకంగా ఉంది.”

“ఆశాజనకంగానా?”

“అంటే, పరిశోధన దృష్టితో చూస్తే.”

డోరీన్ గారు ఆయన వంక కొంచెంసేపు చూశారు. తప్పు గేరు వేసిన శిష్యుణ్ణి చూసినట్టు ఉంది ఆ చూపు. తరవాత కేకు ప్లేటు ముందుకి జరిపారు.

“ఇంకో ముక్క తిను. వస్తాలే మీ సభకి. నాకూ చెప్పేదుంది.”

తిరుగు ప్రయాణంలో క్లెమెంట్ గారి ఆనందం చూడాలి. “ఎంత ధైర్యంగా తీసుకుందో చూశారా,” అని ఊరొచ్చేదాకా అంటూనే ఉన్నారు.

వార్షిక సభ రోజు కుంటి కొంగ మేడ కిటకిటలాడింది. కింద బారులోంచి కుర్చీలు మోయించాం. మా అధ్యక్షులు ట్వైనింగ్‌హామ్ గారు టై కట్టుకొచ్చారు. క్లెమెంట్ గారు తెరమీద బొమ్మలేసి, జేబెజ్ ఉండే ఇంటి నుంచి రోప్‌వాక్ దాకా ఎన్ని దారులున్నాయో చూపించారు. మురుగు కాలువల మనిషి కదా, కింద నుంచి పోయే దారి కూడా చూపించారు. బాగా చెప్పారు. నిజం చెప్పాలంటే బిస్కెట్లు పంచుతున్న నాకే వాడు చేశాడనిపించింది. రోవీనా గారు మాత్రం చేతులు కట్టుకుని, గాడిదని కొరికినవాడి తరఫున మూతి బిగించుకుని కూచున్నారు.

ఆఖర్న డోరీన్ గారిని వేదిక మీదికి పిలిచారు. ఆవిడ మైకు వద్దన్నారు.

“మా అమ్మమ్మ పేరు లెట్టీ,” అని మొదలుపెట్టారు. “జేబెజ్ పెద్దకూతురు. నాకు పదిహేనేళ్ళొచ్చేదాకా బతికే ఉంది. మీరు చెబుతున్న ఆ చలికాలం గురించి నాకు చాలాసార్లు చెప్పింది.”

గదిలో పెన్నుల మూతలు ఊడిన చప్పుడు వినిపించింది.

“జేబెజ్ జైలు నుంచి తిన్నగా ఇంటికొచ్చాడు. కెజియా తలుపు తియ్యనంది. వీధిలో వాళ్ళే తియ్యమన్నారట, ఇల్లు వాడిదే కదా అని. రెండో హత్య జరిగిందే, ఆన్ డేసీ అనే ఆవిడ, ఆ రాత్రి వాన. పీపాల పని ఊడిందని ఆ కోపం జేబెజ్ పెళ్ళాం మీద తీర్చుకున్నాడు. ఎడమ చెయ్యి మెలితిప్పి విరిచేశాడు. మా అమ్మమ్మ చిన్నపిల్ల. కిటికీలోంచి దూకి, కాళ్ళకి జోళ్ళు లేకుండా, వానలో పరిగెత్తింది.”

“రోప్‌వాక్ వైపా?” అని ఎవరో అడిగారు.

“రేవు గేటు వైపు. అక్కడ పోలీసులుంటారని. హంతకుణ్ణి పట్టుకోవడానికి పక్క ఊళ్ళ నుంచి కూడా పోలీసుల్ని దింపారుగా. గేటు దగ్గర ఒకతను నిలబడి ఉన్నాడట. ‘మా నాన్న మా అమ్మని చంపేస్తున్నాడు, రండి’ అంది. అతను మంచివాడే. తన కోటు విప్పి తల మీద కప్పాడట. కప్పి, ‘ఇంటికి పో పాపా,’ అన్నాడు. ‘ఊళ్ళో హంతకుడు తిరుగుతున్నాడు. ఆడపిల్లవి, ఇలా బయట తిరక్కూడదు. ఇంట్లోకి పోయి తలుపేసుకో.’”

కింద బారులో గ్లాసులు కడుగుతున్న చప్పుడు పైకి వినిపించింది.

రోవీనా గారు చెయ్యి ఎత్తారు. ఆవిడ ముఖం మెల్లగా వికసిస్తోంది. “క్షమించాలి. ఒక చిన్న సందేహం. అయితే ఆ రాత్రి వాడు ఇంట్లోనే ఉన్నట్టా?”

“ఇంట్లోనే.”

“అది ఆన్ డేసీ పోయిన రాత్రేనని గట్టిగా చెప్పగలరా?”

“తెల్లారేసరికి వీధంతా ఆన్ డేసీ మాటే. ఆ మాట వింటూ మా అమ్మమ్మ తల్లి చేతికి గుడ్డ కడుతోంది. మర్చిపోతుందా?”

క్లెమెంట్ గారు లేచారు. నాకు ఆయన్ని చూస్తే జాలేసింది. కళ్ళముందే ఇంకో బిడ్డ పోతున్నాడు. “చెయ్యి విరిచాక... ఆ తరవాత బయటికి వెళ్ళి ఉండొచ్చు కదమ్మా? కాసేపటికి?”

“వెళ్ళలేదు నాయనా. తిండి పెట్టమన్నాడు. ఆవిడ రెండో చేత్తో బంగాళాదుంపలు ఉడకేసింది. అవి తిని, కుర్చీ తలుపుకి అడ్డంగా వేసుకుని తెల్లవార్లూ అక్కడే కూచున్నాడు, ఎవరూ మళ్ళీ బయటికి పోకుండా. మా అమ్మమ్మకి నిద్ర పడితేగా. చూస్తూనే ఉంది.”

క్లెమెంట్ గారు కూచుండిపోయారు.

సభామర్యాద తెలిసిన మనిషి మా అధ్యక్షులు. గొంతు సవరించుకుని, “బలమైన సాక్ష్యం లభించింది కనుక జేబెజ్ థారక్ నిర్దోషి అని ఈ సభ భావిస్తోంది,” అన్నారు. వెనక వరసల్లో చప్పట్లు కొట్టారు. చప్పట్లు న్యాయానికి అనుకున్నారేమో. అందరికంటే గట్టిగా కొట్టింది రోవీనా గారు.

“నిర్దోషా?” అన్నారు డోరీన్ గారు.

“అంటే, ఈ కేసు వరకు.”

“మరి నేను చెప్పిన కేసు?”

అధ్యక్షులు మొహమాటంగా నవ్వారు. “అందులో మనం పరిశోధించడానికి ఏముందమ్మా? ఎవడు చేశాడో తెలుసు, ఎవరికి చేశాడో తెలుసు. అందులో రహస్యం ఏమీ లేదు కదా.”

ఎంత చక్కగా చెప్పారో చూశారా? రహస్యం లేదు. అందుకే పుస్తకాలు లేవు, నడకలు లేవు, బేకరీలో ‘పై’ లేదు. అయ్యా, అమ్మా, మిమ్మల్ని ఎవరైనా పొడిచేటట్టయితే ముక్కూ మొహం తెలియనివాణ్ణి చూసుకోండి. మీరు పీటేసి అన్నం పెట్టిన వాడి చేతిలో మాత్రం దెబ్బలు తినకండి. చరిత్రలో చోటు దొరకదు.

జనం లేచి టీకోసం నా మీద పడ్డారు. క్లెమెంట్ గారు మాత్రం వేదిక దగ్గరికి వెళ్ళారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడి అడిగారు.

“ఆవిడ ఏమైందమ్మా? కెజియాగారు?”

“ఆ ప్రశ్న ఇప్పటికి తట్టిందా నీకు,” అన్నారు డోరీన్ గారు. కానీ కోపంగా అనలేదు. పక్క కుర్చీ చూపించారు. “కూచో. వాడు ఓడెక్కాక ఆవిడ తలుపు గడియ మార్పించింది. మొదటి పని అదే. తరవాత రేవులో చేపలు వేయించి అమ్మింది. కొట్టు పెట్టింది. ఎనభై దాకా బతికింది. ఆ చెయ్యి మాత్రం మళ్ళీ పైకి లేవలేదు. పిల్లల్ని ఎత్తుకున్నా, కావలించుకున్నా ఒక్క చేత్తోనే. ఆవిణ్ణి చూసి మా అమ్మమ్మా అంతే, మా అమ్మా అంతే. మా ఇంట్లో అందరం మనుషుల్ని ఒక్క చేత్తోనే కావలించుకుంటాం. అది వింత అని నాకు పెళ్ళయ్యాక మా ఆయన చెబితేగానీ తెలీదు.”

క్లెమెంట్ గారు ముక్కు తుడుచుకున్నారు. ఆవిడ వెళ్ళేటప్పుడు ఆయన భుజం చుట్టూ ఒక చెయ్యి వేసి దగ్గరికి తీసుకుని వదిలారు. కుడి చెయ్యి.

ఆ తరవాత రెండు సమావేశాలకి క్లెమెంట్ గారు కొత్తవాణ్ణి తీసుకురాలేదు. సంఘం కంగారుపడింది. ‘వాడు’ లేని సభ్యుడంటే పెళ్ళికొడుకు లేని పెళ్ళిలాంటివాడు. రోవీనా గారు ఎంతో పెద్దమనసుతో, “మావాడి తమ్ముణ్ణి తీసుకోండి. వాడూ ఒకర్ని తన్నాడు,” అన్నారు. వద్దన్నారాయన. శనివారం సాయంత్రాలు సందర్శకుల్ని తిప్పే పని మాత్రం మానలేదు. అది ఆయన వంతు.

ఆ పనికి ఆయన పొడుగాటి టోపీ, నల్లటి అంగరఖా వేసుకుని, చేతిలో పాతకాలపు లాంతరు పట్టుకుంటారు. లోపల బ్యాటరీ బల్బే. నేను ఫ్లాస్కుతో వెనకాల నడుస్తాను. చలికాలం, సాయంత్రం అయిదుకే చీకటి. ఆ శనివారం జనం బాగానే వచ్చారు. ఆన్ డేసీ పడిపోయిన చోట ఇప్పుడు మొబైల్ ఫోన్లు బాగుచేసే కొట్టుంది. దాని ముందు ఆగాం.

క్లెమెంట్ గారు లాంతరు ఎత్తి, “ఆ రాత్రి వాన పడుతోంది,” అన్నారు.

కొట్టు మేడమీద ఇంట్లో ఏదో భళ్ళున పగిలింది. మగవాడి అరుపు. తరవాత ఓ ఆడగొంతు, ఏదో వద్దంటూ. మళ్ళీ ఏదో గోడకి కొట్టుకున్న చప్పుడు.

సందర్శకులు మురిసిపోయారు. లీడ్స్ నుంచి వచ్చినాయన ఒకరు నా చెవిలో, “ఇది కూడా టికెట్లో భాగమేనా? భలే పెట్టారే,” అన్నారు. నలుగురైదుగురు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మాకు పద్ధతి ఉంది. గైడు గొంతు కాస్త పెంచాలి. ఆ మేడమీద అలాంటి చప్పుడు అదే మొదటిసారి కాదు. క్లెమెంట్ గారు గొంతు పెంచలేదు. కిటికీ వంక చూశారు, తరవాత మా వంక చూశారు. తరవాత లాంతరు పట్టుకునే మెట్లెక్కడం మొదలుపెట్టారు. ఆ మోకాళ్ళతో, ఒక్కో మెట్టూ.

తలుపు కొట్టారు. ముప్పై ఏళ్ళవాడొకడు తీశాడు. ఎదురుగా పొడుగు టోపీ, అంగరఖా, లాంతరు చూసి బిత్తరపోయాడు.

“ఏం కావాలి?”

“ఏమీ వద్దు బాబూ. ఇక్కడ నిలబడతాను.”

“ఎందుకు?”

“చప్పుడు వినిపించింది.”

“ఇది నా ఇల్లు.”

“ఈ మాట నేనిదివరకే విన్నాను,” అన్నారు క్లెమెంట్ గారు. వాడి భుజం మీదుగా లోపలికి చూసి, “అమ్మా, బయటికి రావాలనుంటే రా. కింద చాలామందిమి ఉన్నాం,” అన్నారు.

వాడు ఒకడుగు ముందుకేశాడు. నేను అప్పటికే పోలీసులకి ఫోన్ చేస్తున్నాను. బళ్ళన్నీ పనిమీద ఉన్నాయనీ, ఖాళీ అవగానే పంపిస్తామనీ అన్నారు. ఈలోగా లీడ్స్ ఆయనకి ఇది టికెట్లోది కాదని అర్థమైంది. ఫోను జేబులో పెట్టేసి, మెట్లెక్కి క్లెమెంట్ గారి వెనక నిలబడ్డారు. ఆయన వెనక ఇంకొకరు. వీడియో తీసేవాళ్ళు తీస్తూనే ఉన్నారు, అది వేరే సంగతి.

ఆ అమ్మాయి బయటికొచ్చింది. కోటు వేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, మెట్లమీద నిలబడ్డవాళ్ళ మధ్య నుంచి దిగింది. నేను ఫ్లాస్కు మూతలో టీ పోసిచ్చాను. చక్కెర ఎక్కువైంది, అలాగే తాగేసింది. పోలీసులు వచ్చేసరికి సగం మంది పబ్బుకి వెళ్ళిపోయారు. క్లెమెంట్ గారు మాత్రం ఆ గుమ్మం ముందే ఉన్నారు, లాంతరు పట్టుకుని.

ఆ అమ్మాయి పేరు రాయను. ఆమెమీద ఎవరూ పరిశోధన చెయ్యనక్కర్లేదు. ఇప్పుడు వేరే ఊళ్ళో అక్క దగ్గర ఉంటోందని, ఉద్యోగంలో చేరిందని విన్నాను.

సంఘం కమిటీ అత్యవసరంగా కలిసింది. బిస్కెట్లు నేనే పట్టుకెళ్ళాను.

“నడక సగంలో ఆగిపోయింది,” అన్నారు రోవీనా గారు. “మూడో హత్య దాకా వెళ్ళనే లేదు. జనం ఇంటర్నెట్‌లో ఏం రాస్తున్నారో చూశారా?”

“మీరు చేసింది మంచి పనే క్లెమెంట్ గారూ, ఎవరూ కాదనరు,” అన్నారు అధ్యక్షులు. “కానీ మనది చరిత్ర సంఘం. మన పరిధి ఒకటుంటుంది కదా.”

“వాడు అంతకుముందు కూడా కొట్టేవాడట,” అన్నారు క్లెమెంట్ గారు. “మనం ప్రతి శనివారం ఆ కిటికీ కిందే నిలబడ్డాం. ‘రోప్‌వాక్ హంతకుణ్ణి ఇరుగుపొరుగు ఎలా గుర్తుపట్టలేకపోయారు’ అని అక్కడే నిలబడి నేను ఆశ్చర్యపోయేవాణ్ణి. అది నా ప్రసంగంలో రెండో పేజీ.”

రోవీనా గారు బిస్కెట్ తీసుకుని, కొరక్కుండా కాసేపు చేతిలోనే పట్టుకున్నారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఇక్కడ ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, మేం వెతికేవాళ్ళు తప్ప.

తరవాత తీర్మానం పెట్టారు. ఇప్పటి గొడవల చప్పుడు వల్ల అప్పటి చరిత్ర సందర్శకులకు సరిగా వినబడటం లేదు కనుక, ఇకమీదట నడక దారి మార్చాలని. చేతులెత్తమన్నారు. క్లెమెంట్ గారి చెయ్యి తప్ప అన్నీ లేచాయి. ఆయన తన టోపీ, లాంతరు బల్లమీద పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయారు. రోవీనా గారు చెయ్యి కొంచెం ఆలస్యంగా ఎత్తారు, అది నేను చూశాను.

కొత్త దారి నేను నడిచి చూశాను. పాత గోదాముల వెనకనుంచి సముద్రం ఒడ్డునే పోతుంది. చాలా బాగుంది. హత్యలు జరిగిన చోటు అక్కణ్ణుంచి కనబడదు గానీ, గైడు చెప్పే ప్రతి మాటా స్పష్టంగా వినిపిస్తుంది. ఆ వైపు ఎవరూ కాపురాలుండరు.